మొక్క బతికాకే పేరు పలక

మే నెలలో నెల్లూరు, ఒంగోలు వైపు మన పట్టణాల పార్కుల్లో తరచూ కనబడే దృశ్యం ఒకటుంది. ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప ట్రీ గార్డు, దానికో రేకు బోర్డు. బోర్డు మీద ఒక తల్లి పేరో తండ్రి పేరో, పక్కన ‘జ్ఞాపకార్థం’ అన్న మాట, ఆ కింద కొడుకులూ కూతుళ్ల పేర్లు. గార్డు లోపల మాత్రం ఎండిపోయిన పుల్ల. వర్ధంతి రోజున పూలు పట్టుకుని వచ్చిన కుటుంబం చూసేది ఆ పుల్లనే. ఊరికి నాలుగు అడుగుల నీడ ఇద్దామని ముందుకొచ్చిన వాళ్ల మనసు అక్కడే విరిగిపోతుంది.

నీళ్లు పోయలేదని తోటమాలిని తిట్టడం తేలిక. లోపం అంతకు ముందే మొదలైంది. మొదట బోర్డు తయారైంది, తర్వాత మొక్క వచ్చింది, నీళ్ల సంగతి ఆఖరున గుర్తొచ్చింది. జ్ఞాపకార్థం చెట్లకు విరాళాలు తీసుకోవాలనుకునే మున్సిపాలిటీ అయినా వాకర్స్ సంఘమైనా ఈ వరస మార్చాలి. ముందు నియమాలు రాసుకోవాలి, తర్వాత మొక్క నాటాలి, రెండు ఎండాకాలాలు దాటాకే పేరు పలక పెట్టాలి.

రెండు ఎండాకాలాలు ఎందుకంటే మన వాతావరణం అలాంటిది. నెల్లూరు వైపు వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. ఒంగోలు తీరానికీ ఆ నెలలే ముఖ్యం. రాష్ట్రమంతా జులైలో నాటుతుంటే మనమూ నాటేస్తాం, ఇక్కడ అప్పటికి నేల సరిగా చల్లబడదు. సెప్టెంబరు చివర్లో నాటితే మొక్కకు మూడు నెలల తడి దొరుకుతుంది. జనవరి దాటాక మళ్లీ గట్టి వాన కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. మొదటి ఎండాకాలంలో అందరి కళ్లూ మొక్క మీదే ఉంటాయి. రెండో ఏడాది ‘వేరు పట్టిందిలే’ అనుకుంటారు, ట్యాంకరు వేరే వీధికి పోతుంది. అసలు పరీక్ష అప్పుడే. దాన్ని దాటిన మొక్క చాలావరకు నిలబడిపోతుంది.

పలక పెట్టకపోతే విరాళం ఎవరిస్తారని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన మాటే. నాటే రోజున కుటుంబం చేతికి రెండు ఇవ్వాలి. ఒకటి చెట్టు నంబరు, జాతి, నాటిన తేదీ, పార్కులో అది ఉన్న చోటు రాసిన పత్రం. రెండోది పాదు గట్టున వాళ్ల చేతులతోనే పాతించే చిన్న నంబరు పలక. పేరు పలక ఎప్పుడు పెడతారో పత్రంలోనే రాయాలి. మూడో ఏడాది పలక పెట్టే రోజున కుటుంబం మళ్లీ వస్తుంది. అప్పటికి మొక్క వాళ్ల తల ఎత్తు దాటి ఉంటుంది. నాటిన రోజు ఫొటో కంటే ఆ రోజు ఫొటో వాళ్ల ఇంట్లో ఎక్కువ కాలం ఉంటుంది.

డబ్బు లెక్క కూడా ముందే తేల్చుకోవాలి. ఒక మొక్కకు ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మూడు రోజులకోసారి 30 లీటర్లు పోస్తే 30 తడులకు 900 లీటర్లవుతుంది. 40 మొక్కలకు 36,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరు ఏడుసార్లు వచ్చినా ఇంకో వెయ్యి లీటర్లు తక్కువే. ఇది ఒక్క ఎండాకాలానికి. విరాళం మొత్తంలో మొక్క, గుంత, ఎరువు, రెండు ఊతకర్రలు, మూడేళ్ల నీళ్లు, పోతే తిరిగి నాటే ఖర్చు ఒకసారికి, ఆ తర్వాతే పలక. పలక ఖర్చు మొత్తంలో అయిదో వంతు మించితే ఆ పథకం బోర్డుల పథకమైపోతుంది.

గుడిలో ఫ్యాను రెక్క మీద, బడిలో బెంచీ వీపున, అన్నదానం గిన్నెల అంచున పేరు రాయించడం మనకు అలవాటే. అందులో తప్పేమీ లేదు, ఇచ్చిన చేతిని ఊరు గుర్తుంచుకోవడం మంచి సంప్రదాయం. అది రాతి మీదకెక్కిన కాలమూ మన దగ్గర పాతదే. నెల్లూరు జిల్లా శాసనాలు 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. దాన శాసనాల చివర తరచూ కనిపించే శ్లోకం ఒకటుంది, ‘స్వదత్తాత్ ద్విగుణం పుణ్యం పరదత్తానుపాలనం’ అని. తానిచ్చిన దానికంటే ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడితే రెండింతల పుణ్యమని అర్థం. విరాళం పుచ్చుకునే సంస్థకు పట్టే మాట అది.

ఇక పలక మీద ఏం రాయాలి? మొదటి వరుసలో చెట్టు పేరే ఉండాలి, మనిషి పేరు కంటే పెద్ద అక్షరాల్లో. దారిన పోయే పిల్లవాడు ‘పొగడ’ అని చదివి, తలెత్తి చెట్టును చూడాలి. రెండో వరుస ఇంటిపేరుతో సహా మనిషి పేరు. మూడోది ‘గారి జ్ఞాపకార్థం’. నాలుగోది నాటిన సంవత్సరం, చెట్టు నంబరు. ఇంతే. కొడుకులు, కోడళ్లు, మనవల పేర్లన్నీ రిజిస్టరులో ఉంటాయి. శాస్త్రీయ నామం ప్రవేశద్వారం దగ్గరి బోర్డులో ఉంటే చాలు. కీర్తిశేషులు, స్వర్గీయ, మర్హూం, లేట్ లాంటి మాటల్లో ఏది వాడాలన్న చర్చ వస్తే ప్రతి కుటుంబానికీ ఒక వాదన ఉంటుంది. ‘జ్ఞాపకార్థం’ ఏ మతంవారికైనా సరిపోతుంది, దానితో ఆగడం మేలు. పెళ్లిరోజుకో షష్టిపూర్తికో నాటించేవాళ్లకు ‘పేరిట’ అంటే చాలు. ఫొటో, ఫోన్ నంబరు, దుకాణం పేరు, పార్టీ పదవి, కుల సంఘం పేరు వద్దని దరఖాస్తు పత్రంలోనే అచ్చు వేయాలి. ఒకరికి మినహాయింపు ఇచ్చాక రెండోవారికి కాదనడం ఏ కమిషనరుకైనా కష్టమే.

చట్టం వైపు నుంచి ఒక జాగ్రత్త. రోడ్లు, కాలిబాటలు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు, కట్టడాలకు అనుమతులు ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. నేలబారున ఉండే చిన్న పలక విగ్రహం కాదు. కానీ పలక కింద గద్దె, గద్దె చుట్టూ గ్రిల్లు, గ్రిల్లులో ఫొటో అంటూ పెరుగుతూ పోతే చిక్కు మొదలవుతుంది. అందుకే కొలతలు కూడా నియమాల్లో ఉండాలి: 300 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. ఎత్తు, గద్దె ఉండకూడదు.

ఆ కొలత ఊరికే చెప్పింది కాదు, తెలుగు అక్షరాన్ని బట్టి వచ్చింది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. 15 మి.మీ. అక్షరానికి అవి రెండూ కలిస్తే దాదాపు 30 మి.మీ. అవుతుంది, ఒక వరుసకు 35 మి.మీ. కేటాయించాలి. చెట్టు పేరు 25 మి.మీ. అక్షరాల్లో ఉంటే దానికి 50. మిగతా మూడు వరుసలకు 105. పైనా కిందా ఖాళీతో సరిగ్గా 200 సరిపోతుంది. వెడల్పులో వరుసకు 16 అక్షరాలకు మించి పట్టవు. ఇంగ్లిషు బోర్డుల లెక్కతో వరుసలు దగ్గరగా కుదిస్తే పై వరుస వత్తు వచ్చి కింది వరుస గుడిని తాకుతుంది. ‘లక్ష్మమ్మ’ లాంటి పేరు నాలుగడుగుల దూరం నుంచి కూడా చదవలేం.

చెక్కే పనిలో జరిగే తప్పులు మరీ బాధ పెడతాయి, రాయి మీద పడ్డ తప్పు చెరగదు కదా. ఇప్పుడు రాతి మీద అక్షరాలు ఎక్కువగా ఇసుక కొట్టి తీస్తున్నారు. రాయి మీద రబ్బరు స్టెన్సిల్ అంటించి, అక్షరం మేర కత్తిరించి తీసేసి, గాలి ఒత్తిడితో ఇసుక కొడతారు. సున్నా లోపల మిగిలే చిన్న రబ్బరు ముక్కే దాన్ని సున్నాగా నిలబెడుతుంది. అక్షరం మరీ చిన్నదైతే ఆ ముక్క ఇసుక దెబ్బకు ఎగిరిపోతుంది, సున్నా కాస్తా గుండ్రటి మచ్చగా మిగులుతుంది. ఠ, థ లాంటి లోపల చుక్క ఉన్న అక్షరాలకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. సన్నటి గీతల ఫాంటు వద్దు, గీత అంతటా ఒకే మందం ఉన్న ఫాంటు కావాలి.

ఇంకో తప్పు డీటీపీ షాపులో జరుగుతుంది. కుటుంబం వాట్సాప్‌లో పంపేది యూనికోడ్ తెలుగు. షాపులో వాడేది ‘అను’ అనే పాత రకం ఫాంట్లు, వాటికి యూనికోడ్‌తో పొత్తు కుదరదు. నేరుగా అతికిస్తే అక్షరాలు చెదిరిపోతాయి కాబట్టి ఆపరేటరు మళ్లీ టైపు చేస్తాడు. అక్కడే ‘జ్ఞాపకార్థం’ కాస్తా ‘జ్ఞాపకార్ధం’ అవుతుంది, ఇంటిపేరులో దీర్ఘం పోతుంది. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, కుటుంబంలో ఒకరితో, ఒక తెలుగు ఉపాధ్యాయుడితో చదివించి సంతకాలు తీసుకోవాలి. సంతకం లేని ప్రింటు రాయి దగ్గరికి వెళ్లకూడదు.

రాయి కోసం మనం దూరం వెళ్లక్కర్లేదు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైటు ప్రపంచమంతా వెళుతోంది, దాని ముక్కలు ఇక్కడే దొరుకుతాయి. అయితే ఆ రాయికి అందం తెచ్చే బంగారు చుక్కలే చిన్న అక్షరాలకు అడ్డం. పాలిష్ మీద ఎండ పడితే చుక్కలు మెరుస్తాయి, సన్నటి అక్షరం వాటిలో కలిసిపోతుంది. అందుకే 15 మి.మీ. కంటే తగ్గొద్దన్నది. ఇసుక కొట్టిన చోట నల్లరాయి లేత బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ తేడా చదవడానికి చాలు, బంగారు రంగు నింపనక్కర్లేదు. నింపిన రంగు కొన్ని ఎండాకాలాలకు పెచ్చులూడి అక్షరం సగం సగంగా కనిపిస్తుంది. మందం 50 మి.మీ. ఉండాలి. 20 మి.మీ. పలక మూడున్నర కిలోలే, మూల మీద కాలు పడితే విరుగుతుంది, ఎవరైనా చంకన పెట్టుకుపోవచ్చు. 50 మి.మీ. రాయి తొమ్మిది కిలోలు తూగుతుంది.

మిగతా సరుకుల సంగతి క్లుప్తంగా. ఫ్లెక్సు, స్టిక్కరు ఎండకు ఆగవు. ఇత్తడి పలక పాత సామాన్ల కొట్టుకు చేరుతుంది. మామూలు ఇనుము తీరపు ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, కొత్తపట్నం, మైపాడు వైపు ఇంకా త్వరగా. స్టీలే కావాలంటే 304 రకం కాకుండా 316 రకం అడగాలి, ఉప్పుకు అది ఎక్కువ ఓర్చుకుంటుంది. మార్కాపురం పలకరాయి అందమైనదే కానీ పొరలు పొరలుగా ఉంటుంది. ఆరుబయట చెక్కిన అక్షరానికి గ్రానైటు రాయే నమ్మకం. క్యూఆర్ కోడ్ పెడదామనేవారున్నారు. అది తీసుకెళ్లే వెబ్‌సైటు ఎన్నాళ్లుంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. నంబరు, రిజిస్టరు ఉంటే చాలు.

పలకను చెట్టుకు మేకుతో కొట్టకూడదు, తీగతో కట్టకూడదు. చెట్టు ఎత్తు పెరిగేది కొమ్మల చివర్లలో, మాను మాత్రం ఉన్నచోటే లావెక్కుతుంది. కొట్టిన మేకు పైకి పోదు, చెట్టే దాన్ని మింగుతుంది, ఆ గాయంలోంచి కుళ్లు లోపలికి దిగుతుంది. తీగ ఇంకా ప్రమాదం. బెరడు కిందే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగే పొర ఉంటుంది, మాను లావెక్కే కొద్దీ తీగ దాన్ని నొక్కేస్తుంది. పేరు రాసి ఉందని ట్రీ గార్డు తీయకుండా వదిలేసినా ఇదే జరుగుతుంది. ట్రీ గార్డు మీద దాత పేరు రాయొద్దనడానికి ఇదే కారణం. పేరు లేని గార్డును మాను తాకక ముందే తీసి మరో మొక్కకు వాడుకోవచ్చు.

రాయిని మానుకు కనీసం మీటరు దూరంలో, పాదు గట్టు బయట, నడక దారి వైపు కాస్త వాలుగా పెట్టాలి. మర్రి, రావి అయితే రెండు మీటర్లు. కింద 300 మి.మీ. లోతున చిన్న కాంక్రీటు దిమ్మ, అందులోంచి రాయిలోకి ఒక స్టీలు చువ్వ. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో జాగ్రత్త పడాలి. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే ఆ నేల దిమ్మను పక్కకు ఒరగదోస్తుంది. గుంత అడుగున ఒక జానెడు ఇసుక, కంకర వేసి కూరితే ఒరుగు తగ్గుతుంది. రాయి చుట్టూ జానెడు మేర కంకర పరిస్తే గడ్డి కోసే మిషను తీగ దానికి తగలదు. శుభ్రం చేయడానికి సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. యాసిడ్ పోస్తే మొక్క వేరుకే హాని.

ఒక పార్కులో ఎన్ని పలకలు పెట్టాలన్నది కూడా నిర్ణయించాలి. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. ఎనిమిది మీటర్ల ఎడంతో నాటితే 63 చెట్లు పడతాయి. 63 చెట్లకూ 63 నల్లరాళ్లు పెడితే అది పిల్లలు ఆడుకునే చోటులా ఉండదు, శ్మశానంలా కనిపిస్తుంది. ఎకరానికి 20 దాటితే విడి పలకలు ఆపి, ప్రవేశద్వారం దగ్గర ఒకే గోడ మీద నంబర్ల వారీగా పేర్లు పెట్టడం మంచిది. చెట్ల దగ్గర చెట్టు పేరు, నంబరు చాలు. నా ఉద్దేశంలో కొత్త పార్కులు మొదటి నుంచే ఈ పద్ధతి పాటించాలి.

కుటుంబాలకు ముందే మెత్తగా చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. విడి పూలు పెట్టొచ్చు. మొదలు దగ్గర కర్పూరం, దీపాల నూనె, మాను చుట్టూ నైలాన్ దారం, దండ తీగలు వద్దు. రావి, వేప మొక్కలకు ఇది మరీ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే జనం భక్తితోనే చేస్తారు. చెట్టు మీద హక్కు ఊరిదేనని, పలక కాలం పదేళ్లని, ఆ తర్వాత అడిగితే పొడిగిస్తారని కూడా పత్రంలో ఉండాలి.

చెట్టు పోతే ఏం చేయాలన్నది మొదటి విరాళం తీసుకోకముందే రాసి ఉండాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలులు ఈ తీరానికి మళ్లీ వస్తాయి. పడిపోతే పలకను అదే వారం తీసి, నంబరుతో స్టోరులో భద్రపరిచి, కుటుంబానికి ఫోన్ చేసి చెప్పాలి. వచ్చే సెప్టెంబరులో అదే జాతి మొక్క, వీలైతే అదే గుంతలో. ఈ మధ్య కొమ్మల చివర్లు ఎండుతున్న వేపల విషయంలో తొందర పడకూడదు, చాలా చెట్లు మళ్లీ చిగురు వేస్తున్నాయి. గోరుతో బెరడు గీరి లోపల పచ్చదనం ఉందో లేదో చూసి, ఉంటే మరో వాన కాలం ఆగాలి. కొత్త మొక్క నాటితే సంవత్సరం మార్చాల్సి వస్తుంది. అందుకని చెక్కేటప్పుడే పలకలో నాలుగో వరుస కుడి సగం ఖాళీగా ఉంచమని రాతి పనివాళ్లకు చెప్పాలి.