యజమాని గారూ, మీ కప్పు ముసలిదైపోయింది

పల్లెలో సొంత ఇల్లు ఉన్నవాళ్లందరికీ స్థానిక పరస్పర బీమా సంఘం నుంచి ఈపాటికి ఒక ఉత్తరం వచ్చే ఉంటుంది. "ప్రియమైన సభ్య యజమాని గారికి" అని మొదలవుతుంది. ఆ మర్యాద చూసి మురిసిపోకండి. రెండో పేరాలో ప్రీమియం పెంచారు, మూడో పేరాలో పైకప్పుకి ఇచ్చే కవరు, అదే బీమా రక్షణ, తగ్గించారు, నాలుగో పేరాలో "ఇది మీ సంఘం, మీ నిర్ణయం" అని చేతులు దులుపుకున్నారు. అంటే నా ప్రీమియం నేనే పెంచేసుకుని, నా కవరు నేనే కోసేసుకుని, ఆ సంగతి నాకింకా తెలియదు కాబట్టి నాకు నేనే ఒక ఉత్తరం రాసి పడేసుకున్నానన్నమాట. పోస్టు ఖర్చు కూడా నా ఖాతాలోనే రాసి ఉంటారు, యజమానిని కదా.

పరస్పర బీమా అంటే ఏమిటో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. వాటాదారులంటూ వేరే ఎవరూ ఉండరు, పాలసీ తీసుకున్నవాళ్లే సొంతదారులు. మిగులు ఉంటే సంఘం నిల్వలో ఉంటుంది, లేదంటే ప్రీమియంలో తగ్గింపుగా మనకే తిరిగొస్తుంది. లోటు వస్తే? కొన్ని సంఘాల పాలసీల్లో ఇప్పటికీ ఒక షరతు ఉంటుంది, సభ్యుల దగ్గర అదనపు చందా వసూలు చేసుకోవచ్చని. ఈ రెండింటిలో యజమానిగారి గడప ఎక్కువగా తొక్కేది ఏదో మీరే ఊహించుకోండి.

నిజానికి కాగితం మీద ఇంత చక్కటి ఏర్పాటు ఇంకోటి లేదు, ఈ మాట వెటకారంగా అనడం లేదు. పెద్ద కంపెనీలు పల్లెటూరి ఇళ్ల వైపు కన్నెత్తి చూడని రోజుల్లో చాలా దేశాల్లో రైతులే కూడబలుక్కుని ఇలాంటి సంఘాలు పెట్టుకున్నారు. ఒకడి ఇల్లు కాలితే తలా కాస్త వేసుకుని మళ్లీ నిలబెట్టడం, అంతే లెక్క. అసలు అగ్ని బీమా ఒక వ్యాపారంగా తయారైందే 1666లో లండన్ తగలబడి 13,000కు పైగా ఇళ్లు బూడిదైన తర్వాత. 1752లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన స్నేహితులు కలిసి పెట్టిన పరస్పర సంఘానికి గుర్తు ఏమిటో తెలుసా, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకున్న నాలుగు చేతులు. ఆ గుర్తు చేయించి సభ్యుల ఇళ్ల గోడలకి కొట్టేవారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ముప్పై ఏళ్లు తిరక్కుండానే, 1781లో, ఆ నాలుగు చేతులూ కలిసి ఒక తీర్మానం రాశాయి, ఇంటి ముందు చెట్టు ఉంటే బీమా ఇవ్వం అని. చెట్టు అడ్డం ఉంటే మంటలు ఆర్పడం కష్టమట. చెట్టు కొట్టుకోలేని సభ్యులు 1784లో వేరే సంఘం పెట్టుకుని, దాని గుర్తుగా పచ్చని చెట్టునే వేసుకున్నారు. ఆ మహానుభావులకి నా నమస్కారం. సంఘం మనదే అయినప్పుడు, నచ్చకపోతే ఏం చెయ్యాలో వాళ్లకి తెలుసు.

అప్పుడు చెట్టు మీద పడ్డారు, ఇప్పుడు కప్పు మీద పడ్డారు. ఇన్స్పెక్టరు వచ్చి నిచ్చెన వేసుకుని ఎక్కి చూడటం పాతకాలపు పద్ధతి కాబట్టి ఇప్పుడు ఆకాశం నుంచి ఫొటోలు తీయిస్తున్నారు. నా ఇంటి ఫొటో కూడా ఉత్తరంతో జతచేశారు. ఒక మూల ఎర్రటి సున్నా చుట్టి, పక్కన "నాచు" అని రాశారు. ఈ ఇంట్లోనే పుట్టి పెరిగిన నేను ఏనాడూ చూడని నాచుని అంత ఎత్తు నుంచి కనిపెట్టారంటే వాళ్ల చూపు మామూలు చూపు కాదు. అదే చూపుతో గాలివాన మర్నాడు కూలిన ఇళ్లు మాత్రం కనబడవు. వాటికి మనమే ఫొటోలు తీసి, మూడు కోణాల్లో, తేదీ కనిపించేలా, అప్‌లోడ్ చెయ్యాలి, సైజు ఎక్కువైతే అది కూడా తీసుకోదు.

ఇక ఫారం. మీ ఇంటికి ఫైర్ స్టేషన్ ఎంత దూరం? ఫైరింజనుకి నీళ్లు పట్టే కొళాయి ఎంత దూరం? అమెరికాలో దీనికి లెక్క కూడా ఉంది, స్టేషన్ 5 మైళ్ల లోపు, కొళాయి 1000 అడుగుల లోపు ఉంటే ఒక రకం, దాటితే ఇంకో రకం. పల్లెటూళ్ల కోసం పుట్టిన సంఘం పల్లెటూళ్లో ఉన్నందుకు ఎక్కువ రేటు వేస్తుంది, సరే, దూరం ఎక్కువైతే ఇల్లు పూర్తిగా కాలుతుంది, ఒప్పుకున్నాం. అయితే మీ ఇంటి పక్కనే చెరువో ఏరో ఉందని సంబరంగా రాశారనుకోండి, అప్పుడు వరద పేజీ తెరుస్తారు. మామూలు ఇంటి పాలసీల్లో చాలావాటిలో వరద ఉండదు, దానికి విడిగా కొనుక్కోవాలి, దొరికితే. కాబట్టి నీళ్లు దూరంగా ఉంటే నిప్పుకి రేటెక్కువ, దగ్గరగా ఉంటే నీటికి కవరే లేదు. యజమానిగారి ఇల్లు ఎక్కడుంటే సంఘానికి నచ్చుతుందో నాకిప్పటికీ అర్థం కాలేదు. బహుశా ఇల్లు లేకుండా ప్రీమియం మాత్రం కట్టేవాళ్లయితే బాగుంటుందేమో.

30 రోజులో 60 రోజులో ఇల్లు ఖాళీగా ఉంటే కొన్ని కవర్లు ఆగిపోతాయన్న షరతు కూడా ఉంటుంది, ఆసుపత్రిలో మంచం పట్టే ఆలోచన ఉన్నవాళ్లు ముందుగా చూసుకోండి.

ఇవన్నీ భరించాను. ఈ వ్యాసం రాయించింది మాత్రం గాలివాన తర్వాత మా వీధి చివర ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇంటికి నష్టం లెక్కకట్టడానికి వచ్చిన సర్వేయర్. కుర్రాడు, మర్యాదస్తుడు, చేతిలో టేపు, టార్చి, ట్యాబ్. ఆవిడ ఇంటి పైన సగం రేకులు లేవు. ఇంటి లోపల నిలబడి తలెత్తితే మబ్బులు కనిపిస్తున్నాయి. ఆ మబ్బుల కింద నిలబడి ఆ కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న:

"అమ్మా, గాలి ముందొచ్చిందా, వాన ముందొచ్చిందా?"

"రెండూ కలిసే వచ్చాయి బాబూ. వేరువేరుగా రమ్మని నేనెక్కడ చెప్పను?"

నవ్వకండి, ఇది చాలా సీరియస్ విషయం. వాన నీటితో ఇంటి లోపల సామాను పాడైతే పరిహారం ఇస్తారు, కానీ ముందు గాలి వచ్చి కప్పుకి కన్నం పెట్టి ఉండాలి, ఆ కన్నంలోంచే వాన లోపలికి దిగి ఉండాలి. ఈ వరుస తప్పి, పాత సందుల్లోంచి ముందే దూరిన వాన అనధికార వాన. దానికి సంఘం బాధ్యత లేదు. చాలా పాలసీల్లో ఉండే షరతే ఇది, కుర్రాడు కల్పించింది కాదు.

"ఆ సమయంలో మీరెక్కడున్నారమ్మా?"

"మంచం కింద."

"మంచం కింద నుంచి కప్పు కనబడుతుందా?"

"మంచమే కనబడుతుంది."

"మరి గాలే ముందొచ్చిందని ఎలా చెప్పగలుగుతున్నారు?"

ఆవిడ కాసేపు ఆలోచించి, ఆవుకి తెలిసుంటుంది, అది బయటే ఉంది అంది. కుర్రాడు ట్యాబ్‌లో ఏదో వెతికాడు. ఆవు ఈ పాలసీ కింద రాదన్నాడు. కొట్టం వస్తుందట, అదీ ఇంటి విలువలో ఒక చిన్న వాటా వరకే, అందులో కట్టేసిన ఆవు మాత్రం రాదట. సాక్ష్యానికి కూడా పనికిరాదా అని నేనడిగితే పట్టించుకోలేదు. అప్పుడు అతని టార్చి గది మూల ఉన్న ప్లాస్టిక్ బకెట్ మీద పడింది. అక్కడే ఆగిపోయింది.

"ఈ బకెట్ ఇక్కడ ఎప్పటినుంచి ఉందమ్మా?"

పాపం ఆవిడకి లోకం తెలియదు. కిందటి వానాకాలంలో అక్కడ రెండు చుక్కలు పడితే పెట్టాను బాబూ అంది. అయిపోయింది. కుర్రాడి మొహంలో బాధ కూడా కనిపించింది, అయినా వేళ్లు టకటకా టైపు చేసేశాయి: కప్పుకి మునుపటి లోపం ఉన్నట్టు సభ్యురాలే అంగీకరించారు. ఇంటి సామానంతా తడిసి ముద్దయి, పరుపు బూజు పట్టి, గోడలు ఉబ్బి పగిలి, ఇవన్నీ ఫొటోల్లోకి ఎక్కాయో లేదో తెలియదు కానీ బకెట్ మాత్రం నాలుగు వైపుల నుంచీ ఎక్కింది. కారే చోట బకెట్ పెట్టనివాళ్లు ఇకమీదట కూడా పెట్టకండి, నేల పాడైతే పాడైంది, కేసు బతుకుతుంది.

తర్వాత వచ్చిన కాగితం ఇలా ఉంది. లోపలి నష్టం: మునుపటి లోపం వల్ల, తిరస్కరణ. పైకప్పు: గాలి వల్ల జరిగిన నష్టంగా అంగీకరించడమైనది. కప్పు వయసును బట్టి తరుగుదల తీసివేయగా, సభ్యురాలు తన వంతుగా భరించాల్సిన మొదటి మొత్తం కూడా తీసివేయగా, చెల్లించవలసినది: సున్నా. కింద, "మీ నమ్మకానికి కృతజ్ఞతలు."

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. కప్పు ఏటేటా పాతబడిందని లెక్క కట్టారు కదా, ఆవిడ కట్టిన ప్రీమియం ఏ ఏడాదైనా పాతబడిందా? కప్పు విలువ సగానికి పడిపోయిన ఏడాది ప్రీమియం సగం తీసుకున్నారా? పోనీ "అమ్మా, మీ కప్పుకి ఇక మా దగ్గర ఏమీ రాదు, కట్టడం ఆపేసి ఆ డబ్బుతో రేకులు మార్పించుకోండి" అని ఒక్కరు, ఆ ఆఫీసులో ఒక్కరంటే ఒక్కరు, ఫోను చేసి చెప్పారా? కొత్త రేకు కొనే ఖర్చు పాత రేకు ఖరీదుతో తీరదని బడికెళ్లే పిల్లాడికి కూడా తెలుసు. ముసలావిడ టార్పాలిన్ కింద పడుకుంటోంది. ఆవిడ ఏనాడూ ఒక్క క్లెయిమ్ అడగలేదు, మన ఇళ్లకి నిప్పంటుకున్నప్పుడు, మన కొట్టాలు పడిపోయినప్పుడు ఇచ్చిన డబ్బులో ఆవిడదీ ఉంది, ఆవిడ వంతు వచ్చేసరికి బకెట్ చూపించి పంపేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. దీన్ని పరస్పరం అనకండి. ఇది సిగ్గుమాలిన పని, మన పేరు మీద, యజమానులం అని మనల్ని పిలుస్తూ చేస్తున్న పని.

సంఘం వాళ్ల వాదన కూడా విన్నాను. గాలివానలు పెరిగాయి, సంఘం తన కోసం పెద్ద కంపెనీ దగ్గర తీసుకునే బీమా, అంటే రీఇన్సూరెన్స్, ఖరీదెక్కింది, పైనుంచి వాళ్లు బిగిస్తే కింద మేం బిగించక తప్పదు అంటారు. అందులో నిజం లేకపోలేదు. 1861లో స్విట్జర్లాండ్‌లో గ్లారుస్ పట్టణం కాలిపోతే అక్కడి బీమా నిల్వలు ఏమూలకీ చాలలేదు, ఆ దెబ్బతోనే 1863లో స్విస్ రీ అనే రీఇన్సూరెన్స్ కంపెనీ పుట్టింది. చిన్న సంఘం ఒంటరిగా పెద్ద ఆపదని మొయ్యలేదు, కాబట్టి ఆ ఖర్చు పెట్టాల్సిందే. పెట్టండి, కావాలంటే ప్రీమియం ఇంకా పెంచండి, కారణం చెప్పి పెంచండి, తిట్టుకుంటూనే కడతాం. కానీ రేటు పెంచి, కవరు కోసి, ఆ కోత ఎక్కడో పదకొండో పేజీలో "కప్పు చెల్లింపు పట్టిక" అని పెట్టి, ముసలివాళ్లు చదవరులే అనుకోవడం ఏ రీఇన్సూరెన్స్ కంపెనీ నేర్పింది?

యజమానులం కదా, సర్వసభ్య సమావేశానికి వెళ్లి అడగొచ్చుగా అంటారేమో. భేషుగ్గా అడగొచ్చు. అది పనిదినం పొద్దున్న, కోతల కాలంలో, పల్లెవాళ్లెవరూ రాలేని పట్నం ఆఫీసులో జరుగుతుంది. బోర్డు తనను తాను ప్రతిపాదించుకుంటుంది, తనను తాను బలపరుచుకుంటుంది, ఏకగ్రీవంగా గెలుస్తుంది. మన ఓట్లు లేకుండా ఎలా అంటారా, ఉన్నాయండీ, మనం దరఖాస్తు మీద సంతకం పెట్టిన రోజే ఆ సంతకం కింద చీమతలకాయంత అక్షరాల్లో "నా ఓటును బోర్డుకు అప్పగిస్తున్నాను" అని ఉంది. మీ కాగితాలు తీసి చూసుకోండి, ఇప్పుడే చూడండి.

ఆ ప్రాక్సీని, అంటే ఓటు అప్పగింతని, రద్దు చేసుకోవచ్చు, ఒక పేజీ ఉత్తరం చాలు. రశీదు తీసుకోండి. ఈసారి ఎజెండాలో పెట్టించాల్సినవి కూడా రాసి ఉంచాను: కప్పు వయసు చూపించి ఎన్ని క్లెయిమ్‌లు కొట్టేశారో లెక్క చదవాలి, తరుగుదల పట్టిక పాలసీ మొదటి పేజీలోకి రావాలి, కవరు తగ్గిస్తే ఆ మేరకు ప్రీమియం తగ్గాలి. పెద్దావిడ కూడా వస్తానంది. ఆవిడ అడగాలనుకుంటున్నది ఒక్కటే, అధ్యక్షులవారి ఇంటి కప్పు వయసెంత అని.