కిటికీ గూట్లోని ట్యూబు గారికి

మహారాజశ్రీ మలాం ట్యూబు గారి సముఖానికి, హన్మకొండ నుంచి ఒక మిర్చి గుమస్తా నమస్కరించి రాసుకునేది.

అయ్యా, మా బాత్రూం కిటికీలో తమరు కొలువుదీరి చాన్నాళ్లయింది. తోక నుంచి చుట్టలు చుట్టుకుపోయారు. పేరంతా అరిగి చివరి రెండక్షరాలే మిగిలాయి. నాన్నకు తొడసందుల్లో, బామ్మర్దికి నడుము చుట్టూ, నాకు చంకలో. రేషన్ కార్డులో పేరు లేదు గానీ ఇంటిల్లిపాదికీ తమరే దిక్కు.

మన పరిచయం మార్చిలో. ఎనుమాముల మార్కెట్‌ను మిర్చి ముంచెత్తే రోజులు. పొద్దున కాంటా దగ్గర నిలబడితే మధ్యాహ్నానికి చొక్కా చంకల కింద తెల్లటి ఉప్పు చారలు తేలేవి. ఆ తడిలోకి తేజ రకం దుమ్ము దిగితే ఎట్లుంటదో పగవాడికి కూడా వద్దు. (చపాటా రకం మిర్చి బస్తాల రోజు కొంచెం నయం. దానికి రంగే గానీ ఘాటు తక్కువ.) మంట తగ్గాక దురద మొదలైంది. గుండ్రంగా, ఎర్రటి అంచుతో మచ్చ. రైతుల ముందు చెయ్యెత్తి గోక్కోలేక, చిట్టా పుస్తకాన్ని చంకలో పెట్టుకుని ముందుకూ వెనక్కూ రుద్దేవాణ్ణి. ఆ నెల పుస్తకం అట్ట మూలలు కూడా అరిగిపోయాయి.

మెడికల్ షాపు తమ్ముడు చీటీ అడగలేదు, ఎక్కడో చూపించమనలేదు. "దురదనా అన్నా? ఇది రాయి, మూడు దినాల్ల మాయమైతది" అన్నాడు. రెండు రోజులకే మాయం! చంకలు గుద్దుకున్నాను. వారం తిరక్కముందే రూపాయి బిళ్లంత మచ్చ అరచెయ్యంత అయింది. మళ్లీ తమరి దగ్గరికే వచ్చాను.

తర్వాత తెలిసింది, తమరి కడుపులో ముగ్గురి కాపురమని. ఒకరు ఫంగస్ మందు, ఒకరు యాంటీబయోటిక్, మూడోవారు క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్. ఈ మూడోవారు ఎరుపునూ దురదనూ నొక్కేస్తారు. దాంతోపాటే అక్కడ ఒంటికున్న కాపలానూ పడుకోబెడతారు. కుక్కకు మత్తుమందు పెట్టి, మొరగట్లేదు కాబట్టి దొంగ పోయాడనుకున్నట్టు. తామర, అంటే ఆ ఫంగస్ మచ్చ మాత్రం తీరిగ్గా పాకుతుంది. పైగా చంక మడతలో చర్మమే పలచన, రోజూ రాస్తే ఇంకా పలచనై చారలు పడతాయి. నాకు పడ్డాయి, అవి పోయేటట్టు లేవు. ఇలాంటి స్టెరాయిడ్ మలాములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మొద్దని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఆ కబురు మా వీధి దాకా ఇంకా రాలేదు.

స్కిన్ డాక్టరమ్మ చెయ్యెత్తించి చూసి, ముందు తమరి పేరే అడిగింది. చివరి రెండక్షరాలు చెప్పాను. నవ్వలేదు. ఫంగస్ మందొక్కటే ఉన్న మలాం, మింగడానికి మాత్రలు రాసింది. మచ్చ పోయినా ఇంకో రెండు వారాలు ఆపొద్దంది. ఎవరి టవల్ వాళ్లదే, బనీన్లు వేడినీళ్లలో ఉతికి తిరగేసి ఎండలో వేయాలి. వరంగల్‌లో ఎండకేం కరువు!

ఇంకో ముక్క కూడా చెప్పింది. చెమటకు అసలు వాసనే ఉండదట. చంకలోని బ్యాక్టీరియా దాని మీద పడి చేసే నిర్వాకమట అదంతా. మా సేటు కొట్టుకునే స్ప్రే కంపు మీద కంపు కప్పుతుందే గానీ చెమటను ఆపదు. ఆపాలంటే అల్యూమినియం లవణాలున్నది, రాత్రిపూట, పొడి ఒంటికి రాయాలి. అదీ దురద, పుండ్లు తగ్గాకే. బామ్మర్దికి మెడా చంకలూ నల్లగా, మందంగా మఖమల్ గుడ్డలా అయ్యాయంటే, నిమ్మచెక్క రుద్దడం ఆపి షుగర్ పరీక్ష చేయించమంది. చేయించాం. ఇప్పుడు వాడి చాయ్‌లో చక్కెర లేదు.

నిన్న రాత్రి తమరిని చెత్తబుట్టలో వేశాను. పొద్దున లేచేసరికి మళ్లీ కిటికీ దగ్గరే. అమ్మ కత్తెరతో తోక కోసి, అగ్గిపుల్లతో లోపల గీకుతోంది.

"ఇంకింత మందున్నది గదరా, పారేస్తవా?"

ఇట్లు,
చెయ్యి కిందికి దించలేని
మీ మాజీ భక్తుడు