సవరణ: ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’ ఉంటే ‘హ్యాడ్’ తప్పనిసరి కాదు

ఇంగ్లిష్‌లో రెండు పనుల్లో ముందు జరిగినదానికి ఎప్పుడూ పాస్ట్ పర్ఫెక్టే (‘హ్యాడ్’తో వచ్చే క్రియారూపం) వాడాలని ముందటి పోస్టులో ఉంది. అందులో ‘ఎప్పుడూ’ అన్న మాట తీసేసి చదవండి. ఆఫ్టర్, బిఫోర్ ఉన్నచోట ఏది ముందో ఆ మాటలే చెప్పేస్తాయి. కాబట్టి ‘ఆఫ్టర్ షి లాక్డ్ ద డోర్, షి లెఫ్ట్’ అన్నా సరిపోతుంది. ‘హ్యాడ్ లాక్డ్’ అన్నా తప్పు లేదు.

అసలు జాగ్రత్త ‘వెన్’ దగ్గర కావాలి. ‘వెన్ వి రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ లెఫ్ట్’ అంటే మనం చేరాక, కళ్లముందే బండి కదిలింది. అదే ‘హ్యాడ్ లెఫ్ట్’ అంటే, మనం చేరేసరికే వెళ్లిపోయింది. ఒక్క ‘హ్యాడ్’తో వరస మొత్తం తారుమారు! పరీక్ష టెన్షన్‌లో చాలామంది వదిలేసేది సరిగ్గా ఇక్కడే. ‘బై ద టైమ్’ వాక్యాల్లోనూ మామూలుగా ‘హ్యాడ్’ ఉంచాలి.