వ్యాపారి కనబడుటలేదు

అనంతపురం పట్టణంలో వ్యాపారి అనే జీవి అంతరించిపోతోందన్న సంగతిని ప్రభుత్వం దృష్టికి తేవడం బాధ్యత గల పౌరుడిగా నా ధర్మం. బట్టమేక పిట్టలు తగ్గిపోతున్నాయని 1988లో రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. పిట్ట మీద ఉన్న దయ మనిషి మీద ఉండొద్దా? పోయిన నెలంతా టవర్‌క్లాక్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా, అక్కణ్ణుంచి పాతూరు సందుల దాకా వెతికాను. ఒక్క వ్యాపారి దొరికితే ఒట్టు. దొరికినవాళ్లంతా సేవకులే.

ఈ వెతుకులాట కుక్కరు రబ్బరుతో మొదలైంది. మా ఇంటి కుక్కరు విజిల్ వేయడం మాని మూత పక్కల నుంచి ఆవిరి కక్కుతోంది. ఎప్పుడూ పోయే దుకాణానికే పోయాను. వెనకటికి అక్కడ ఒక పెద్దాయన ఉండేవాడు. తల ఎత్తకుండానే “ఎన్ని లీటర్లదప్పా?” అని అడిగి, వెనక మేకుకు వేలాడే దండలోంచి ఒకటి పీకి ఇచ్చేవాడు. మంచీ చెడ్డా మాట్లాడే రకం కాదు, నవ్వేవాడు అసలే కాదు. ఇప్పుడా కుర్చీలో కొడుకు కూర్చున్నాడు, ఏసీ పెట్టించాడు.

“సార్, మేము యాపారం చేస్తాండామని అనుకోవద్దండి. కస్టమర్లకు సేవ చేయల్లని కూర్చున్యాం” అన్నాడు.

నా కళ్లు చెమర్చాయి. ఆ చెమ్మలో ప్యాకెట్టు మీద 90 రూపాయలని ఉన్నది సరిగ్గా కనిపించలేదేమో, ఆయన 120 అంటే తలూపాను. బిల్లు అడిగాను. “బిల్లు రాస్తే ట్యాక్సు పడతాది సార్, మీకెందుకు ఆ బరువు?” అన్నాడు. పాపం, నా పన్ను తన నెత్తిన వేసుకున్నాడనుకున్నా. ఆయన నెత్తినా పడలేదనీ, నేరుగా ప్రభుత్వం నెత్తినే పడిందనీ ఇంటికొచ్చాక తట్టింది. నూట పాతిక ఇస్తే మిగిలిన ఐదుకు చాక్లెట్లు చేతిలో పెట్టాడు. నాకు షుగరయ్యా అన్నాను. “మనవళ్లకు ఇయ్యండి సార్” అని ఒక్క దెబ్బతో నా వంశానికంతా సేవ చేశాడు.

మాది ఐదు లీటర్ల కుక్కరు. ఇచ్చింది మూడు లీటర్ల రబ్బరు. మర్నాడు తీసుకుపోతే గోడ వైపు వేలు చూపించాడు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.’ నిజమే మరి. చేసిన సేవను ఎవరైనా వెనక్కి తీసుకుంటారా?

ఆ బోర్డు పక్కనే గాంధీగారి పటం ఉంది. ‘వినియోగదారుడు మన దగ్గరికి వచ్చే అతి ముఖ్యమైన అతిథి. ఆయన మన మీద ఆధారపడలేదు, మనమే ఆయన మీద ఆధారపడి ఉన్నాం’ అని సాగే మాటలు మీకు కంఠతా వచ్చి ఉంటాయి. బ్యాంకులో మన వంతు వచ్చేలోపు ఎవరికైనా వస్తాయి. కొన్ని పటాల కింద, 1890లో దక్షిణాఫ్రికాలో చేసిన ప్రసంగం అని కూడా అచ్చేస్తారు. 1890లో గాంధీ లండన్‌లో బారిస్టరు చదువుకుంటున్న ఇరవయ్యేళ్ల కుర్రాడు. దక్షిణాఫ్రికాలో దిగింది 1893లో. ఆ మాటలు మాత్రం 1941లో అమెరికాలో అచ్చయ్యాయి, స్టూడిబేకర్ అనే కార్ల కంపెనీలో అమ్మకాలు చూసే పెద్ద ఉద్యోగి పేరు మీద. కార్లు అమ్ముకునే ఆయన మాటకు మనవాళ్లు కోటూ సూటూ విప్పి కొల్లాయి కట్టారన్నమాట. నేను తప్పు పట్టను. సూటులో ఉంటే అది అమ్మకం, కొల్లాయి కడితేనే సేవ. ఈ సూటు అనే మాటను కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

మిగతా సేవకుల గురించి గబగబా చెప్పేస్తాను. వాళ్ల సేవలు అందుకున్నవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు గనక వివరం అక్కర్లేదు. ఒకాయన విద్యాదానం చేస్తున్నాడు. మూడు వాయిదాల్లో కట్టకపోతే దానం పుచ్చుకున్న పిల్లవాణ్ణి తరగతి బయట నిలబెడతాడు. ఇంకొకాయన పేదల సొంతింటి కల నెరవేర్చడానికే పుట్టాడు. కల వరకూ నెరవేర్చాడు, ఇల్లే మిగిలింది. దగ్గొచ్చి పోయినవాడికి తల నుంచి మడమ దాకా పరీక్షలు రాసే వైద్య సేవ గురించి నేను మాట్లాడను, వచ్చే వారం నాకక్కడ అపాయింట్‌మెంట్ ఉంది.

డైలీ ఫైనాన్సు ఆయన దగ్గర మాత్రం ఒక నిమిషం ఆగాలి. పొద్దుగూకే వేళకు కూరగాయల బండ్ల దగ్గరికి బైకు మీద వస్తాడు. చొక్కా జేబులో పొడుగాటి నోటుబుక్కు, చెవిలో పెన్ను. పదివేలు అప్పంటే చేతికిచ్చేది ఎనిమిదిన్నర వేలు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ఏడాది వడ్డీగా లెక్కగడితే నూటికి నూరు దాటిపోతుంది. తోటకూర కట్టలమ్మే ఆమె ముడి విప్పి, తడి నోట్లు పదివి పది ఏరి ఇచ్చింది. ఆయన టిక్కు పెట్టుకున్నాడు. ఇది కూడా సేవేనా స్వామీ అని అడిగితే నొచ్చుకున్నాడు.

“కాకపోతే ఏంది సార్? ఈమెకు బ్యాంకోళ్లు ఇస్తారా? ఏ కాగితం లేకుండా మేము బండి కాడికే తెచ్చిస్తాండాం.”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నాకు నచ్చనిది అదే.

సేవలో డబ్బుందని మా ఊరివాళ్లే కనిపెట్టారని పొరపడకండి. ఆ ఘనత ఢిల్లీది. 1994 జూలై 1 నుంచి టెలిఫోను, సాధారణ బీమా, షేర్ల బ్రోకర్ల మీద 5 శాతం సేవాపన్ను వేసి, సేవ అనేది దేవుడి లెక్కలోంచి గుమాస్తా లెక్కలోకి వచ్చిందని అధికారికంగా ప్రకటించారు. 2017 జూలై 1న అది జీఎస్టీలో కలిసిపోయింది. ఇప్పుడు చాలా సేవల మీద 18 శాతం. సేవ చేస్తే పుణ్యం వస్తుందని మన పెద్దలు చెప్పారు గానీ, ఎంత శాతమో చెప్పలేకపోయారు.

ఈ జిల్లాలో సేవ అనే మాటకు ఒకప్పుడు వేరే అర్థం ఉండేదన్న మాట కూడా ఒప్పుకోవాలి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనే స్పెయిన్ దేశస్థుడు ఈ కరువు నేల మీదికి వచ్చి, పేదల కోసం పనిచేస్తూ ఇక్కడే ఉండిపోయి, 2009లో ఇక్కడే కన్నుమూశాడు. 1990లలో పుట్టపర్తి సాయిబాబా ట్రస్టు వందల ఊళ్లకు తాగునీటి పైపులు వేసింది. వీళ్లెవరికీ రేటు కార్డు అచ్చు వేయించాలని తోచలేదు. సేవా రంగంలో అనుభవం చాలక జరిగిన పొరపాటు కాబోలు.

ఇంత వెతికాక అసలు సిసలు సేవకుణ్ణి మా చుట్టాల్లోనే కనుక్కున్నాను. పుట్లూరు వైపు మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉన్న మా బావ. పోయిన కోతకు ఆరు టన్నులు మండీకి తెచ్చాడు. తోడు పోయాను. తెల్లవారుజామున కాయ కుప్ప పోశారు, పచ్చికి పసుపు తిరుగుతున్న కాయ. చెట్టుకు నీళ్లు లేక రెండు ఎండాకాలాలు ట్యాంకర్లు తోలి బతికించిన తోట అది. ఒకాయన కుప్పలో చెయ్యి పెట్టి, అడుగునున్న కాయనే లాగి, బొటనవేలితో చీల్చి వాసన చూసి పారేశాడు. యాలంలో టన్ను ఇరవై వేలకు నిలబడింది. కాటా మీద ఆరు టన్నులు తూగింది. మండీవాళ్లిచ్చే లెక్క చీటీ, అదే పట్టీలో మాత్రం ఐదు టన్నుల నాలుగు వందల కిలోలే రాశారు.

“తక్కిన ఆరు వందల కిలోలు ఏమైనాయప్పా?” అన్నాను.

“సూటు సార్. టన్నుకు వంద.”

“సూటంటే?”

“కాయ ఎండకు ఆరుతాది, లారీలో నలుగుతాది. దానికి తీస్తాం.”

“నలిగిన కాయ పొద్దున్నే ఏరి పక్కన పెట్టిరి గదా?”

“అది మచ్చకాయ సార్. సూటు వేరే.”

మా బావ నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. “ఊరుకో బావా, మళ్లా కోతకూ ఈడికే రావల్ల గదా” అన్నాడు. పట్టీ మడిచి పంచె మొలలో దోపుకున్నాడు. పన్నెండు వేల రూపాయల కాయ మనకు ముక్కూ మొహం తెలియని ఊళ్లలో ఎవరికో రసమైపోయింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. నికర లాభం 5 కోట్లో, టర్నోవరు 1,000 కోట్లో, నికర విలువ 500 కోట్లో ఉన్న కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చుకు ఒక కమిటీ, ఒక నివేదిక, నివేదికలో మొక్క నాటుతున్న ఫొటో. మా బావ ఇచ్చింది పంటలో 10 శాతం. లాభంలో కాదు, పంటలో. లాభం వచ్చిందో లేదో తేలకముందే ఇచ్చేశాడు. ఎవరికిచ్చాడో తెలియదు, ఎందుకిచ్చాడో తెలియదు. ఇంత గుప్తదానం పురాణాల్లో కూడా లేదు. కర్ణుడికైనా అడిగింది ఎవరో తెలుసు.

ఇలాంటి మనిషికి గుర్తింపు లేకపోవడం నాకు నిద్ర పట్టనివ్వలేదు. మా ఊళ్లో ఏటా సేవారత్నలకు సన్మానాలు జరుగుతాయి. నిర్వాహకుడి నంబరు సంపాదించి మా బావ సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు, మధ్యమధ్య ‘అబ్బబ్బా’ అన్నాడు. చేసిన సేవకు ఆధారం ఏదైనా ఉందా అన్నాడు. సూటుకు రశీదు ఎవరిస్తారండీ అన్నాను. పర్వాలేదు, మీరు చెప్పినారు గదా, నమ్ముతాం అన్నాడు. నమోదుకు ఐదు వేలు, శాలువా మెమెంటో ఫొటో కలిపి ఇంకో మూడు వేలు, ఫ్లెక్సీలో బొమ్మ పెద్దదిగా కావాలంటే ఆ రేటు వేరే అన్నాడు.

బావకు ఫోన్ చేసి శుభవార్త చెప్పాను. “ఎనిమిది వేలా? అన్ని దుడ్లుంటే డ్రిప్పు పైపులు మార్పిచ్చుకుంటా, ఎలుకలు కొరికి పెట్టినాయి” అని పెట్టేశాడు. ఆయనకు సేవ చేయడం వచ్చు గానీ చేయించుకోవడం రాదు.

సాయంత్రం నిర్వాహకుడే మళ్లీ ఫోన్ చేశాడు. “మీ బావ రాకపోతే పోనీలేండి సార్, లిస్టులో ఒక పేరు ఖాళీ ఉండాది. మీరు పేపర్లో రాస్తా ఉంటారంట గదా, అదీ సేవే. మీకైతే ఆరు వేలకే చేస్తాం.”

ఆలోచించుకుని చెప్తానన్నాను. శాలువా పట్టుదేనా అని మాత్రం అడిగాను. ధర్మవరందే అన్నాడు, జీఎస్టీ అదనం.