అప్పజెప్పడంలో రెండు రకాలు

కళాకారుల ఐకమత్యాన్ని చెడగొట్టిన ద్రోహుల చిట్టా ఎవరైనా రాస్తే, అందులో మొదటి పేరు చెక్ టెనర్ (హెచ్చు స్థాయి మగగొంతు ఒపెరా గాయకుడు) కరెల్ బురియన్‌దే కావాలి. 1870లో రకోవ్నిక్ దగ్గరి పల్లెలో పుట్టాడు. 1891లో బ్ర్నోలో చెక్ స్వరకర్త స్మెతనా ఒపెరాతో రంగమెక్కాడు. తర్వాత స్వరకర్త వాగ్నర్ ఒపెరాల్లో నాయకుడిగా జర్మన్ నాటకశాలల్లో పేరు తెచ్చుకున్నాడు. అక్కడ ఆయన పేరులో ఇంకో ‘ర’ చేర్చి బుర్రియన్ అని రాసేవారు. కొంప ముంచింది ఆ బుర్రే.

1905, డ్రెస్డెన్. జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ కొత్త ఒపెరా ‘సలోమి’. హేరోదు రాజు ముందు నాట్యం చేసి, బహుమానంగా యోహాను ప్రవక్త తల అడిగిన సలోమి కథ బైబిలుదే గాని, సంగీతం ఏ గొంతుకూ లొంగేది కాదు. పియానో దగ్గర తొలి రిహార్సల్‌కు గాయకులందరూ ఒక్క మాట మీద వచ్చారు: ఎవరి సంగీత ప్రతి వారు వాద్యబృందాన్ని నడిపే కండక్టరుకు అప్పజెప్పి ఇంటికి పోదామని. నాయిక పాత్రధారిణి అయితే ఆ నాట్యాలవీ తన వల్ల కాదనీ, తాను మర్యాదస్తురాలిననీ చెప్పింది. ఎంత ముచ్చటైన సమష్టి నిర్ణయం! ఆఖరున హేరోదు వేషధారి బురియన్ వంతు వచ్చింది.

“నాకు అప్పుడే కంఠతా వచ్చేసింది” అన్నాడు.

ఈ సంగతి స్ట్రాసే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఎవరూ హోంవర్క్ చేయలేదని తరగతంతా ధీమాగా ఉన్నవేళ, ముందు బెంచీలో నోటుబుక్కు తీసే పిల్లవాణ్ణి మనమందరం ఎరుగుదుం. ఇంటర్వెల్‌లో వాడికేం జరిగేదో కూడా ఎరుగుదుం. పాపం, మిగతావాళ్లు సిగ్గుపడి నేర్చుకోవలసి వచ్చింది. డిసెంబరు 9న తొలి ప్రదర్శన; ప్రేక్షకులు చప్పట్లతో కళాకారుల్ని 38 సార్లు తెర ముందుకు రప్పించారట. ఇంత అనర్థం ఒక్కడి శ్రద్ధ వల్ల!

న్యాయం న్యూయార్క్‌లో జరిగింది. 1907 జనవరిలో మెట్రొపాలిటన్ ఒపెరాలో ఇదే హేరోదు. ఫుల్ రిహార్సల్ ఆదివారం పొద్దున పెట్టారు. పెద్దమనుషులు చర్చి నుంచి తిన్నగా వచ్చి, పళ్లెంలో యోహాను తలను సలోమి ముద్దాడటం కళ్లారా చూశారు. 22న ఒక్క ప్రదర్శన. ఆ తర్వాత నాటకశాలలో బాక్సులు (గదుల్లాంటి ఖరీదైన సీట్లు) సొంతంగా ఉన్న యజమానులు నాటకశాల క్షేమానికి ఇది హానికరమని తేల్చారు. ఒపెరా చివర హేరోదు “ఆ స్త్రీని చంపండి” అని ఆజ్ఞాపిస్తాడు. అంత చురుగ్గా ఆ ఆజ్ఞను అమలు చేసిన కమిటీ మరొకటి లేదు.

‘సలోమి’ మళ్లీ ఆ వేదిక ఎక్కింది 1934లో. పాఠం కంఠతా వచ్చినవాడు పోయి అప్పటికి పదేళ్లవుతోంది.