‘గ్యారంటీ టీం’ మెసేజ్ పంపేవాళ్లకు

గోదావరికి మహారాష్ట్ర ఒడ్డున ఉన్న సిరొంచలో మా చుట్టాల గ్రూపు, క్రికెట్ గ్రూపు, ఆఖరికి తునికాకు (బీడీ ఆకు) కల్లం గ్రూపు, ఏది తెరిచినా అదే మెసేజ్. మ్యాచ్ ఆడబోయే 22 మందిలోంచి 11 మందిని యాప్‌లో డబ్బు కట్టి ఎంచుకుంటే, వాళ్లు మైదానంలో ఆడినదాన్ని బట్టి పాయింట్లొచ్చే ఫాంటసీ క్రికెట్ గురించి. "ఫాంటసీ క్రికెట్ జూదం కాదు, కోర్టులే చెప్పాయి. ఆట తెలిసినోడికి ఆదాయం. 49 రూపాయలకు కోటి, పోతే టీ ఖర్చు. కంపెనీ ఏమీ తినదు. పెద్ద క్రికెటర్లే ప్రచారం చేశారు. కొత్త చట్టం ఆడేవాళ్లను ఏమీ అనదు, కింది లింకుతో యాప్ వేసుకోండి. 500 కడితే గ్యారంటీ టీం." పంపుతున్నది ఎవరో బయటివాళ్లయితే ఊరుకునేవాణ్ణి. పంపేది మనవాళ్లే, నష్టపోయేదీ మనవాళ్లే.

కోర్టుల మాట నిజం. 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు, 2019లో బాంబే హైకోర్టు ఇది నైపుణ్యంతో ఆడే ఆటేనన్నాయి. నేనూ ఒప్పుకుంటాను. పిచ్ చూసి, డెత్ ఓవర్లు (చివరి ఓవర్లు) ఎవరు వేస్తారో లెక్కేసి టీం పెట్టేవాడు కళ్లు మూసుకుని పెట్టేవాడికంటే ఎక్కువసార్లు గెలుస్తాడు. మనకు దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. అమెరికాలో 2015 బేస్‌బాల్ సీజన్ మొదటి సగంలో డైలీ ఫాంటసీ (ఏ రోజు మ్యాచ్‌కు ఆ రోజే టీం పెట్టే పోటీ) లెక్కలను మెకిన్సీ అనే సలహా సంస్థ తీసింది. ఆడినవాళ్ల లాభాల్లో 91 శాతం కేవలం 1.3 శాతం మందికే పోయింది. వాళ్లు కంప్యూటర్‌తో లెక్కలు కట్టి, ఒక్క పోటీలోనే కుప్పలుగా టీములు దించే రకం. మన తమ్ముడు పొలం నుంచి వచ్చి ఫోన్ పట్టుకుని ఒక టీం పెడితే వాళ్లకు ఎదురు నిలుస్తాడా? క్రికెట్ తెలియడం వేరు, ఈ పోటీ గెలవడం వేరు.

ఇక 49కి కోటి. 22 మందిలోంచి 11 మందిని ఎంచడానికి 7,05,432 దారులున్నాయి. కెప్టెన్‌కు రెండింతల పాయింట్లు, వైస్ కెప్టెన్‌కు ఒకటిన్నర రెట్లు కాబట్టి ఆ ఇద్దరిని మార్చుకుంటూ పోతే ఒక్కో టీమే 110 రకాలవుతుంది. ఒక్కో ఆటగాడికి ఇన్ని క్రెడిట్లు, టీం మొత్తం ఇన్ని దాటకూడదన్న రూల్‌తో కొన్ని కొట్టేసినా మిగిలేవి తక్కువేం కాదు. పదకొండు మందీ సరిగ్గా కుదిరి, కెప్టెన్ ఒక్కడు తప్పితే చాలు, మొదటి ర్యాంకు పోయినట్టే.

"టీ ఖర్చు" అన్న మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఐపీఎల్ మార్చి చివర్లో మొదలై మే దాకా సాగుతుంది. తెలంగాణ వైపు మిర్చి ఏరబోయినవాళ్లు కూలి పైసలతో తిరిగొచ్చేదీ, తునికాకు పైసలు చేతిలో పడేదీ ఆ రోజుల్లోనే. సాయంత్రం 7 గంటలకు టాస్, ఏడున్నరకు మొదటి బంతి. మధ్యలో ఆ అరగంట బస్టాండు దగ్గర నిలబడి చూడండి. ఆడతాడనుకున్నవాడు తుది జట్టులో లేడు. టీం మార్చు. ఎందుకైనా మంచిదని ఇంకో 49తో రెండోది, కెప్టెన్‌ను మార్చి మూడోది. మర్నాడు మళ్లీ మ్యాచ్. 2017లో తెలంగాణ ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం మార్చాక గోదావరి అవతల డబ్బు పోటీలు తెరుచుకునేవి కాదు. లొకేషన్ మహారాష్ట్ర అని పడితే చాలని కాళేశ్వరం వైపు పోరగాళ్లు వంతెన దాటి మన ఒడ్డుకొచ్చి టీం పెట్టి పోయేవాళ్లు. టీ ఖర్చు కోసం ఎవరూ అంత టెన్షన్ పడరు.

కంపెనీ తినదా? ఎంట్రీ ఫీజును సీట్లతో గుణించి బహుమతుల మొత్తం తీసేయండి, మిగిలింది కంపెనీది. 2020లో ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్‌షిప్‌కు ఫాంటసీ కంపెనీ డ్రీమ్11 పెట్టిన 222 కోట్లు గాల్లోంచి రాలేదు. క్రికెటర్లు డబ్బు తీసుకుని ప్రకటన చేశారు, అంతకుమించి చెప్పడానికేం లేదు.

అసలు విషం ఆ మెసేజ్ చివరి రెండు వాక్యాల్లో ఉంది. కొత్త చట్టమంటే దేశమంతా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించినది: 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. ఇంత పెద్ద చట్టాన్ని సరైన చర్చ లేకుండా మూడు రోజుల్లో ముగించడం నాకూ నచ్చలేదు. ఆడేవాడికి శిక్ష లేదన్నదీ నిజమే. కానీ డబ్బు ఆట నడిపేవాడికి మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. ప్రచారం చేసేవాడికి రెండేళ్లు, 50 లక్షల వరకు. సర్వర్ విదేశంలో ఉన్నా ఇక్కడివాళ్లతో ఆడిస్తే చట్టం వర్తిస్తుంది. కమీషన్ కోసం లింకు పంచే అన్నా, నువ్వు ఆడేవాడి లెక్కలోకి వస్తావా, ప్రచారం చేసేవాడి లెక్కలోకా?

పేరున్న కంపెనీలు అప్పుడే డబ్బు పోటీలు ఆపేశాయి. అవి కనీసం పాన్ అడిగేవి, గెలిచిన సొమ్ములో 30 శాతం పన్ను కోసి మిగతాది బ్యాంకులో వేసేవి. ఈ లింకులో వచ్చేది ప్లేస్టోర్‌లో లేని ఫైల్. డబ్బు కట్టబోతే యూపీఐలో ఎవరిదో కిరాణా కొట్టు పేరు, రేపు ఇంకో పేరు. మొదట రెండు వందలు గెలిపించి వెనక్కి ఇస్తారు. పెద్ద మొత్తం అడిగితే "ముందు ట్యాక్స్ కట్టండి" అంటారు. కట్టిన ట్యాక్సూ పోతుంది.

గ్యారంటీ టీం సంగతి ఇంకా ఘోరం. పది గ్రూపులకు పది రకాల టీములు పంపుతారు, ఒకటి ఎలాగూ పైకొస్తుంది. దాని స్క్రీన్‌షాట్ అందరికీ తిప్పి, మిగతా తొమ్మిదీ చెరిపేస్తారు. నిజంగా గెలిచే టీం తెలిసినవాడు దాన్ని 500కు వెయ్యిమందికి అమ్మి, కోటిని వాళ్లతో ఎందుకు పంచుకుంటాడు? ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండా మెసేజ్ ముందుకు తోసేవాళ్ల మీద నాకు ఓపిక అయిపోయింది.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు సిగ్గుపడి దాచుకోకండి. చాట్ చెరపకుండా, యూపీఐ ఐడీ, ట్రాన్సాక్షన్ నంబర్ దగ్గర పెట్టుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత ఆలస్యమైతే ఆ డబ్బు అన్ని ఖాతాలు మారిపోతుంది.