నల్ల పట్టీలుంటే కొంప మునగదు

పెద్ద హెచ్‌డీ టీవీ కొని, ఒకప్పుడు ఎగబడి చూసిన పాత షో పెట్టుకుంటే మొహాలన్నీ అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. టీవీ చెడిపోలేదు. ఆ బొమ్మలో ఉన్నదే అంత! మన దగ్గర వాడిన పాల్ అనే పాత టీవీ ప్రసార పద్ధతిలో బొమ్మకు 625 అడ్డ లైన్లు, కనిపించేవి 576. అమెరికాలోనైతే 525, కనిపించేవి 480 దాకా. డిజిటల్‌లోకి మారిస్తే నాలుగు లక్షల చుక్కలకు కాస్త అటూ ఇటూ. ఫుల్ హెచ్‌డీ తెరకేమో 20 లక్షల పైన కావాలి, 4కేకి 80 లక్షల పైన. లేనివన్నీ టీవీ లెక్కగట్టి నింపుతుంది. దానికి తోడు అప్పట్లో బేసి లైన్లు ఒకసారి, సరి లైన్లు ఒకసారి వచ్చేవి కాబట్టి, రెండింటినీ సరిగ్గా కలపకపోతే ఊగే చెయ్యి అంచున దువ్వెన పళ్ళలాంటి గీతలు తేలతాయి. పాత పిక్చర్ ట్యూబు మెరుపులో లైన్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి, మందపాటి మేకప్, రంగేసిన అట్ట గోడలు చెల్లిపోయేవి. (అలాగని ఆ టీవీలు గొప్పవని కాదు, యాంటెనా తిప్పినవాళ్ళకు తెలుసు.)

తమాషా ఏంటంటే 1951లో మొదలైన అమెరికా కామెడీ షో 'ఐ లవ్ లూసీ' ఇప్పటికీ నిగనిగలాడుతుంది, దాని తర్వాత ఎన్నో ఏళ్ళకు వచ్చిన షోలు మసకగా ఉంటాయి. లూసీని 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు, వీటిని స్టూడియోలో వీడియో టేపు మీద. నెగెటివ్ ఉంటే మళ్ళీ స్కాన్ చేయొచ్చు, టేపులో మాత్రం లేనిది ఎక్కడి నుంచి వస్తుంది? 1987 నాటి 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' ఫిల్మ్ మీదే తీసినా ఎడిటింగ్, ఎఫెక్ట్స్ టేపు మీద చేశారు, అందుకే 2012 నుంచి బ్లూరేలు తెచ్చేందుకు నెగెటివ్ ముక్కలు వెతికి, స్కాన్ చేసి, షో మొత్తాన్ని మళ్ళీ ఎడిట్ చేయాల్సి వచ్చింది. ఖరీదైన పనే, కానీ పద్ధతైన పని.

మా గొడవల్లా అడ్డదారుల మీదే. పాత టీవీల 4:3 బొమ్మను (వెడల్పు 4 పాళ్ళయితే ఎత్తు 3) ఇప్పటి వెడల్పాటి 16:9 తెర మీద ఉన్నదున్నట్టు చూపిస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి, అవి లేకుండా తెర నిండా పరచాలంటే పైనా కిందా కోయాలి. 2019లో డిస్నీ ప్లస్‌లో 'ది సింప్సన్స్' కార్టూన్ షో పాత ఎపిసోడ్లకు ఇదే జరిగింది. బీరు ఫ్యాక్టరీ సీన్లో మూడు పేర్లున్న మూడు ట్యాంకుల్లోకీ ఒకే పైపు నుంచి సరుకు వస్తుంటుంది, జోకంతా పైనున్న ఆ పైపులోనే ఉంది, సరిగ్గా దాన్నే కోసేశారు. జనం గోల చేశాక 2020లో పాత ఆకారం మళ్ళీ ఇచ్చారు. 'ఫ్రెండ్స్' లాంటి వాటికి ఫిల్మ్‌లో ఉండి అప్పట్లో టీవీలో చూపించని పక్క భాగాలు తెరిచారు, అక్కడక్కడా నటి బదులు కూర్చున్న వేరే మనిషి ఫ్రేములోకి వచ్చేసింది. ఇక సాఫ్ట్‌వేర్‌తో "మెరుగులు" దిద్దడం అంటారా, గ్రెయిన్‌తో (ఫిల్మ్‌లో సహజంగా ఉండే సన్నటి నలుసులు) పాటు ముడతలూ వెంట్రుకలూ కూడా తుడిచిపెట్టేస్తోంది. దాన్ని హెచ్‌డీ అని అమ్మడం మాకైతే మోసంలాగే అనిపిస్తోంది.

స్ట్రీమింగ్ సంస్థలను మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. అసలు ఆకారంలోనే ముందు చూపించండి, కోసిన వెర్షన్ కావాలన్నవాళ్ళు మార్చుకుంటారు. నెగెటివ్ నుంచి స్కాన్ చేశారో, టేపును సాగదీశారో షో పేరు కిందే రాయండి.

అప్పటిదాకా రిమోట్ మన చేతిలోనే ఉంది కదా. పిక్చర్ సెట్టింగుల్లో జూమ్, స్ట్రెచ్ తీసేసి 4:3 పెట్టండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, ఫిల్మ్ మీద తీసిన షో అయితే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేముల బొమ్మకు టీవీ మధ్యలో దొంగ ఫ్రేములు అల్లేది దాంతోనే.